కట్టేస్తే పోతుందా?

టికెట్ పడిన డ్రైవరు నా బల్ల ముందుకొచ్చి అడిగే మొదటి మాట "ఎంత కట్టాలి?" అనే. పంజాబీ అయినా, మెక్సికన్ అయినా, మన తెనాలి కుర్రాడైనా అదే ప్రశ్న. ఏ సెక్షన్ రాశారు, గడువు ఎప్పటిదాకా ఉంది, అసలు తప్పు జరిగిందా లేదా అన్నవి ఎవరికీ పట్టవు. కట్టేసి, రసీదు నా ఫైల్లో పడేసి, లోడు ఎక్కించుకుని పోవాలి. రోడ్డు మీద బతికేవాడికి కోర్టు మెట్లెక్కడమంటే ఒక రోజు కిరాయి వదులుకోవడం. నేను అడ్డుపడేది సరిగ్గా అక్కడే. కారు నడిపేవాడికి జరిమానా కడితే గొడవ వదులుతుంది. లారీ నడిపేవాడికి కట్టిన రోజునే గొడవ మొదలవుతుంది.

నేను లాయర్ని కాను. కాలిఫోర్నియాలో ఫ్రెస్నో దగ్గర ఒక చిన్న ట్రక్కింగ్ ఆఫీసులో కాగితాలు చూసే మనిషిని. డ్రైవర్ల లైసెన్సులు, మెడికల్ కార్డులు, పనిగంటల లాగులు, ఇన్సూరెన్సులు గడువు దాటకుండా చూడటం నా పని. మా బళ్ళలో పోయేది బాదం, ఎండుద్రాక్ష, ఎండాకాలం టమాటా. మా నాన్న విజయవాడ నుంచి కలకత్తా లైనులో లారీ నడిపారు. అందుకని డ్రైవరు కబుర్లలో ఎంత నిజమో, ఎంత పైపూతో నాకు చిన్నప్పటి నుంచే తెలుసు. టికెట్ల దగ్గర ఆ విద్య బాగా పనికొస్తోంది.

కట్టేస్తే ఏమవుతుందో ముందు చెప్తాను. జరిమానా కట్టడమంటే కోర్టు లెక్కలో నేరం ఒప్పుకోవడమే. ఆఫీసరు ఇచ్చిన టికెట్ మీద సంతకం పెట్టడం ఒప్పుకోవడం కాదు, అది కోర్టుకి వస్తానని ఇచ్చే మాట మాత్రమే. డబ్బు కట్టినప్పుడు మాత్రం ఒప్పుకున్నట్టే. అప్పుడు లైసెన్సు రికార్డు మీద పాయింటు పడుతుంది. పెద్ద లారీకి కావలసింది క్లాస్ ఏ లైసెన్సు. అలాంటి బండి నడుపుతూ తప్పు చేస్తే కాలిఫోర్నియాలో ఒక పాయింటు ఒకటిన్నరగా లెక్క. కారువాళ్ళకి ట్రాఫిక్ స్కూల్ అనే దారి ఉంది. ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో పాఠం విని, పరీక్ష రాస్తే ఆ పాయింటు ఇన్సూరెన్సువాళ్ళ కంటపడదు. లారీలో పడిన టికెట్‌కి ఆ దారి లేదు. కమర్షియల్ లైసెన్సు ఉన్నవాడికి పడిన శిక్షని ఏ రాష్ట్రమూ కప్పిపెట్టకూడదని ఫెడరల్ నిబంధన 384.226 చెబుతుంది. ఆదివారం సొంత కారులో గుడికి పోతూ పడ్డ టికెట్‌కైనా ఇది వర్తిస్తుంది. టెక్సాస్‌లో ఉన్న మనవాళ్ళు డిఫెన్సివ్ డ్రైవింగ్ క్లాసుతో టికెట్ కొట్టేయించుకోవడం మామూలే. అక్కడ కూడా కమర్షియల్ లైసెన్సుంటే ఆ వెసులుబాటు ఉండదు.

అంతటితో అవదు. శిక్ష పడిన 30 రోజుల్లోపు డ్రైవరు తన యజమానికి రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోయినా కాలిఫోర్నియాలో దాగదు. పుల్ నోటీస్ అనే ఏర్పాటు ఉంది. డ్రైవరు రికార్డు మీద కొత్తది ఏది పడినా లైసెన్సులిచ్చే డీఎంవీ నుంచి కాగితం నేరుగా యజమానికొస్తుంది. మా ఆఫీసులో ఆ కవరు విప్పేది నేనే. ఇన్సూరెన్సు రెన్యూవల్‌కి వచ్చిన ఏజెంటు మొదట అడిగేది కూడా ఆ రికార్డే.

కొన్ని తప్పుల్ని ఫెడరల్ నిబంధనలు "తీవ్రమైనవి" అని విడిగా పేర్కొన్నాయి. పరిమితికి 15 మైళ్ళు, ఆపైన వేగం, అడ్డదిడ్డంగా లేన్ మారడం, ముందు బండికి మరీ దగ్గరగా పోవడం, చేత్తో ఫోను పట్టుకోవడం లాంటివి. 3 ఏళ్ళలో ఇలాంటివి రెండు రుజువైతే 60 రోజులు స్టీరింగ్ పట్టడానికి వీల్లేదు. మూడైతే 120 రోజులు. రెండు నెలలు బండి ఆగితే నెలవారీ కిస్తీ ఎవరు కడతారు? సొంత బండి ఉన్నవాడికి ఈ లెక్క చెప్పగానే మొహం మారిపోతుంది. 230 డాలర్లు కట్టి వదిలించుకుందామనుకున్నవాడు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. ఆ 230 కూడా విచిత్రమే. 35 డాలర్ల అసలు జరిమానా మీద రాష్ట్రం, జిల్లా, కోర్టు తలా ఒక వడ్డన వడ్డిస్తే అది 230 దాటుతుంది. 100 డాలర్లది 500కి దగ్గర పడుతుంది.

మరి కట్టకుండా ఏం చెయ్యాలి? కోర్టుకి పోయి వాదించవచ్చు. ఫ్రెస్నోలో ఉండే డ్రైవరుకి టికెట్ పడ్డ ఊరు 300 మైళ్ళ దూరాన ఉండొచ్చు. ఈ ఇబ్బందికి కాలిఫోర్నియా చట్టంలో మంచి మందే ఉంది. వెహికల్ కోడ్ 40902 సెక్షన్ కింద విచారణ మొత్తం కాగితం మీద జరుగుతుంది. ఇక్కడివాళ్ళు దీన్ని ట్రయల్ బై రిటన్ డిక్లరేషన్ అంటారు. టీఆర్-205 అనే ఫారం నింపి, మీ వాదన రాసి, సాక్ష్యాలు జతచేసి, జరిమానా మొత్తాన్ని బెయిలుగా కట్టి, టికెట్ గడువులోపు కోర్టుకి పంపాలి. కోర్టు ఆ ఆఫీసరుకి కూడా ఒక ఫారం పంపి, నువ్వు ఏం చూశావో రాయమంటుంది. జడ్జి రెండూ చదివి తీర్పు పోస్టులో పంపిస్తాడు. నిర్దోషి అంటే కట్టిన డబ్బు చెక్కు రూపంలో వెనక్కి వస్తుంది. ఎవరూ ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. అమెరికా అంతా ఇలా ఉండదు. ఒరెగాన్‌లో, హవాయిలో ఇలాంటి ఏర్పాట్లున్నాయి. చాలా రాష్ట్రాల్లో మనిషో లాయరో వెళ్ళాల్సిందే.

బెయిలు ముందే కట్టాలంటే చాలామంది చిరాకు పడతారు. "కట్టేదే అయితే ఇదంతా ఎందుకు దీదీ?" అంటారు పంజాబీ పిల్లలు. కట్టడం వేరు, ఒప్పుకుని కట్టడం వేరు అని నచ్చజెప్పాలి. నిజంగా చేతిలో డబ్బు లేనివాడు ఆ సంగతి కోర్టుకి చెప్పుకోవడానికి వేరే ఫారం, మైసైటేషన్స్ అనే ఆన్‌లైన్ దారి ఉన్నాయి. అవి రెండూ డబ్బు గురించినవి. తప్పు జరిగిందా లేదా అన్నదానితో వాటికి సంబంధం లేదు. ఈ తేడా తెలియకే మనవాళ్ళు టీఆర్-205లో కష్టాలు రాస్తారు.

తెనాలి కుర్రాడు అలాగే రాశాడు. లాస్ ఏంజిలెస్ ఓడరేవు నుంచి కంటెయినర్ ఎత్తుకుని ఇంటర్‌స్టేట్ 5 మీద ఉత్తరానికి వస్తున్నాడు. గ్రేప్‌వైన్ కొండ దిగాక వీలర్ రిడ్జ్ దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. కుడికి పోతే 99 పట్టుకుని బేకర్స్‌ఫీల్డ్, ఫ్రెస్నో వైపు. ఎడమకి పోతే 5 మీదే నేరుగా స్టాక్టన్ వైపు. ఆరోజు ఇతని లోడు స్టాక్టన్‌కి. చీలిక ఇంకా కొంత దూరముందనగా ఎడమ వైపు లేన్‌లోకి వచ్చాడు. లారీ ఉండకూడని లేన్‌లో ఉన్నావని టికెట్ రాశారు.

అతను రాసుకొచ్చిన కాగితం ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ. అందులో అమ్మకి మోకాలి ఆపరేషన్, బండి అప్పు, ఎప్పుడూ టికెట్ పడని చరిత్ర, ఆఫీసరు మీద గౌరవం, క్షమించమన్న మాట రెండుసార్లు ఉన్నాయి. రోడ్డు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

"ఇదంతా చదివితే జడ్జికి జాలెయ్యదా అక్కా?"

"వేస్తుంది. జాలిపడి దోషివని రాస్తాడు. క్షమించమన్నావంటే చేశానని నువ్వే చెప్పినట్టు కదా!"

కాగితం పక్కన పెట్టి సెక్షన్ తీశాం. 21655. లారీలకి విడిగా లేన్ కేటాయించని చోట అవి కుడివైపు చివరి లేన్‌లోనే పోవాలి. ఒకవైపుకి నాలుగు లేన్లో అంతకన్నా ఎక్కువో ఉంటే కుడి నుంచి రెండో లేన్ కూడా వాడుకోవచ్చు. మామూలు డ్రైవర్లకి తెలిసేది ఇంతవరకే. కింద ఇంకో ముక్క ఉంది. మలుపు తిరగబోతున్నవాడికి, హైవే ఎక్కుతున్న, దిగుతున్నవాడికి, తను పోవలసిన దారిలో కొనసాగడానికి వేరే లేన్‌లో ఉండక తప్పనివాడికి ఈ నియమం వర్తించదు. మన కుర్రాడి కేసు మొత్తం ఆ చివరి మాటలోనే ఉంది.

అక్కడి నుంచి నేను అడగడం, అతను చెప్పడం. పైన బోర్డు మీద ఏ లేన్‌కి ఏ బాణం గుర్తు ఉంది? మొదటి బోర్డు కనబడ్డాక ఎంత దూరానికి లేన్ మారావు? ఎన్ని లేన్లు మారావు? కుడివైపు లేన్‌లోనే ఉండిపోతే ఎక్కడ తేలేవాడివి? ఆ గంటలో ట్రాఫిక్ ఎలా ఉంది? సిగ్నల్ వేశావా? నిన్ను ఆపినప్పుడు ఆఫీసరు కారు ఎక్కడుంది, అతను నిన్ను ఎంతసేపు చూసి ఉంటాడు? సగం ప్రశ్నలకి అతను కళ్ళు మూసుకుని ఆ రోడ్డు మళ్ళీ తోలుతున్నట్టు జవాబు చెప్పాడు. డ్రైవర్లకి రోడ్డు అలాగే గుర్తుంటుంది. మా నాన్నని ఇప్పుడు లేపి అడిగినా కలకత్తా దారిలో ఏ వంతెన పక్కన ఏ టీ కొట్టు ఉండేదో చెప్తారు.

చివరికి తేలిన వాదన అరపేజీ. ఫలానా తేదీన, ఫలానా సమయానికి 5 మీద ఉత్తరానికి పోతున్నాను. నా సరుకు చేరవలసింది స్టాక్టన్, బిల్ ఆఫ్ లేడింగ్ జతచేశాను. అక్కడ కుడివైపు లేన్లు 99కి పోతాయి, 5 మీద కొనసాగాలంటే ఎడమవైపు లేన్‌లోకి రాక తప్పదు, బోర్డుల ఫోటోలు జతచేశాను. బోర్డు చూసి, సిగ్నల్ వేసి, ఖాళీ దొరికినప్పుడు మారాను. 21655 సెక్షన్‌లోని మినహాయింపు నాకు వర్తిస్తుందని మనవి. ఇంతే. అమ్మ మోకాలు రాలేదు, అప్పు రాలేదు.

ఫోటోల దగ్గర ఒక హెచ్చరిక చెప్పాలి. మళ్ళీ ఆ దారిన పోయినప్పుడు ఫోనుతో తీసుకొస్తానన్నాడు. స్టీరింగ్ మీద చెయ్యి, ఇంకో చేతిలో ఫోను ఉంటే దొరికేది ఇంకో టికెట్, అదీ తీవ్రమైన జాబితాలోది. అతని బండికి డ్యాష్‌క్యామ్ ఉంది కాబట్టి ఆనాటి వీడియోలోంచే బొమ్మలు తీసి కాగితం మీద ముద్రించాం. జడ్జి ముందు ఉండేది ఫైలు. పెన్‌డ్రైవ్ పంపి ఆయన చూస్తాడని ఆశపడటం కన్నా నాలుగు బొమ్మలు అచ్చువేసి, కింద సమయం రాసి పంపడం మేలు. డ్యాష్‌క్యామ్ పాత వీడియో మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. టికెట్ పడిన సాయంత్రమే మెమరీ కార్డు తీసి పక్కన పెట్టకపోతే సాక్ష్యం దానంతటదే చెరిగిపోతుంది.

తీర్పు కొన్ని వారాలకి వచ్చింది. నిర్దోషి. కారణం ఏమీ రాయలేదు. ఆ తర్వాత చెక్కు వచ్చింది.

అన్నీ ఇలా రావు. వేగం కేసులు గట్టివి. కాలిఫోర్నియాలో 3 ఇరుసులో, అంతకన్నా ఎక్కువో ఉన్న లారీకి, దేన్నైనా వెనక లాక్కుపోయే లారీకి గరిష్ఠ వేగం గంటకి 55 మైళ్ళు. మన లెక్కలో 88 కిలోమీటర్లు. పక్కన కార్లు 65, 70 మీద పోతుంటే 55లో పోవడం డ్రైవరుకి నరకంగా ఉంటుంది. కానీ చట్టం అదే. వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళకి ఇది తెలియనే తెలియదు. యూట్యూబ్ చూసి వచ్చినవాళ్ళు "ఆ రోడ్డుకి ట్రాఫిక్ సర్వే చేశారా అని అడిగితే కేసు ఎగిరిపోతుందట" అంటారు. సర్వే మాట అబద్ధం కాదు. ఊళ్ళో 40 మైళ్ళ వీధి లాంటి చోట రాడార్ పెట్టి పట్టుకుంటే, ఆ పరిమితిని సమర్థించే ఇంజనీరింగ్ సర్వే ఉండాలి. సాధారణంగా అది 5 ఏళ్ళలోపుది కావాలి, కొన్ని షరతుల మీద ఇంకా పాతదైనా చెల్లుతుంది. కానీ ఫ్రీవే మీద లారీకి ఉన్న 55 రాష్ట్రమంతటికీ చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి. దానికి ఏ సర్వే అక్కర్లేదు. ఆ వాదన అక్కడ రాస్తే కాగితం దండగ.

మా దగ్గర అందరూ అంకుల్‌జీ అని పిలిచే ఒక పంజాబీ పెద్దాయన ఉన్నారు. ఆయనకి 64 మైళ్ళ టికెట్ పడింది. ఆయన వాదన, నా బండికి 62 దగ్గర వేగాన్ని ఆపే గవర్నర్ బిగించి ఉంది, 64 ఎలా పోతుంది అని. మెకానిక్ దగ్గర ఇంజన్ కంప్యూటర్ రిపోర్టు కూడా తెచ్చారు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. టికెట్ మీద చోటు చూస్తే కొండ దిగే రోడ్డు. గవర్నర్ ఇంజన్‌కి డీజిల్ తగ్గిస్తుంది గాని, పల్లంలో 36 టన్నుల బరువు లాగే లాగుడుని ఆపలేదు. ఈ మాట చెప్తే ఆయనకి కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ళ అనుభవం ముందు కాగితాల మనిషి చెప్పేదేమిటని. సంతకం ఆయనది, ఇష్టం ఆయనది. ఆయన చెప్పిందే టైపు చేశాను. ఆఫీసరు జవాబులో తను వెనకే అదే వేగంలో వెంబడించి, తన కారు మీటరు చూసి నిర్ధారించుకున్నానని రాశాడు. దోషి అని వచ్చింది.

ఈ పద్ధతిలో గొప్ప సుగుణం ఇక్కడే ఉంది. కాగితం మీద ఓడిపోయినవాడు తీర్పు పోస్టు చేసిన తేదీ నుంచి 20 రోజుల్లోపు టీఆర్-220 అనే ఫారం పంపితే కేసు మళ్ళీ మొదటి నుంచి, ఈసారి కోర్టులో, మనుషుల సమక్షంలో నడుస్తుంది. అప్పీలు కాదిది, కొత్త విచారణ. ఆఫీసరు కూడా రావాలి. అంకుల్‌జీ అడిగారు, వెళ్ళారు. ఆఫీసరు వచ్చాడు, నోట్సు తెచ్చుకున్నాడు. మళ్ళీ ఓడిపోయారు. ఒకటిన్నర పాయింటు పడింది. ఇప్పటికీ ఆ ఊరి పేరెత్తితే ఆయన పళ్ళు కొరుకుతారు. ఆ 20 రోజులూ ఉత్తరం మన చేతికందిన రోజు నుంచి కావు, కోర్టు పోస్టు చేసిన రోజు నుంచి. రెండు వారాలు రోడ్డు మీద ఉండే డ్రైవరు ఇంటికొచ్చి కవరు విప్పేసరికి సగం గడువు అయిపోయి ఉంటుంది. అందుకే కోర్టు ఉత్తరాలకి మా డ్రైవర్లు చాలామంది ఆఫీసు చిరునామానే ఇస్తారు.

అసలు ఈ పద్ధతి పనికిరాని కేసులూ ఉన్నాయి. ఇది చిన్న తప్పులకి మాత్రమే. మద్యం, మత్తు ఉన్నవాటికి లేదు, కోర్టుకి రావాల్సిందే అని టికెట్ మీద రాసి ఉంటే లేదు. లారీవాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవలసింది 22406.1 సెక్షన్. కమర్షియల్ బండి బోర్డు మీదున్న పరిమితికి 15 మైళ్ళు, ఆపైన వేగంతో పోతే అది చిన్న తప్పు కాదు, మిస్‌డిమీనర్. క్రిమినల్ కేసు. అంటే బోర్డు 55 అన్నచోట 69కి, 70కి ఉన్న తేడా ఒక్క మైలు కాదు, రెండు వేరు వేరు రకాల కేసుల తేడా. అలాంటి కాగితం నా బల్ల మీదికొస్తే నేను ముట్టుకోను. తిన్నగా లాయరు దగ్గరకి పంపిస్తాను. ఖర్చు వందల్లోంచి వేలల్లోకి పోయినా సరే.

ఆఫీసరు జవాబు రాయకపోతే గెలిచినట్టే అని ట్రక్కు స్టాపుల్లో ఒక నమ్మకం ఉంది. రాయకపోతే డ్రైవరుకి మేలే. కానీ ఆఫీసరు రాసిన టికెట్‌ని కూడా సాక్ష్యంగా తీసుకోవడానికి చట్టంలో చోటుంది. అతను రాయడనే ధీమాతో "నేను దోషిని కాను" అని ఒక్క వాక్యం రాసి పంపేవాళ్ళుంటారు. లాటరీ టికెట్ కొనుక్కోవడం దానికన్నా చవక.

సాక్ష్యం అనగానే అందరూ ఈఎల్‌డీ అంటారు. 2017 డిసెంబరు నుంచి లారీల్లో పెట్టి తీరాలన్న ఎలక్ట్రానిక్ లాగు పెట్టె అది. అందులో వేగం రికార్డవుతుందని, చూపిస్తే జడ్జి నమ్ముతాడని చాలామంది అనుకుంటారు. నిబంధన ప్రకారం ఆ పెట్టె రాయాల్సింది పనిగంటలకి సంబంధించిన వివరాలే. వేగం, బ్రేకు లాంటివి నమోదు చెయ్యాలని అందులో లేదు. కొన్ని కంపెనీల పరికరాలు విడిగా జీపీఎస్ జాడ ఉంచుతాయి, ఉంటే ఆ కాగితం అడిగి తెచ్చుకోవాలి. లాగు పనికొచ్చేది ఇంకోరకంగా. టికెట్ మీద సమయమో చోటో తప్పు పడితే, ఆ గంటకి బండి ఎక్కడుందో అది చెప్తుంది. యజమాని ఆ రికార్డుని 6 నెలలు దాచాలి. ఆలోపే కాపీ తీసుకోండి.

దగ్గరగా పోయాడన్న టికెట్లకి కూడా కొలత ఉంది. ఊరి బయట, ఒకవైపుకి ఒకే లేన్ ఉన్న రోడ్డు మీద ఒక లారీ వెనక ఇంకో లారీ 300 అడుగుల లోపుకి పోకూడదు. దాటడానికి పోతున్నప్పటి సంగతి వేరు. మన డ్రైవర్లు 300 అడుగులంటే ఎంతో కళ్ళతో చెప్పలేరు, ఆ మాటకొస్తే చాలామంది ఆఫీసర్లూ చెప్పలేరు. అందుకని ఆఫీసరు దూరం ఎలా కొలిచాడో, ఎక్కడి నుంచి చూశాడో అన్నది వాదనలో పైకి తేవాలి.

భాష గురించి ఒక మాట. ఫారం చివర, ఇదంతా నిజమని, అబద్ధమైతే శిక్షకి సిద్ధమని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఆ సంతకం డ్రైవరుది. నేను వాక్యాలు సరిదిద్దుతాను గాని, అతను చూడనిది చూసినట్టు రాయను, అతను పలకలేని ఇంగ్లీషు పెట్టను. కాగితం మీద ఓడి కోర్టుకి పోయాడనుకోండి, జడ్జి అదే కాగితం పట్టుకుని ఇందులో ఫలానా మాటకి అర్థమేమిటని అడిగితే మనవాడు బిక్కమొహం వెయ్యకూడదు కదా. కోర్టులో కావాలంటే దుబాసీని ఇస్తారు, అడగడానికి మొహమాటపడక్కర్లేదు. రోడ్డు మీద మాత్రం ఆ దయ లేదు. ఇంగ్లీషు రాని డ్రైవరుని తనిఖీలో అక్కడికక్కడే బండి దింపేయడం 2025 జూన్ నుంచి మళ్ళీ మొదలుపెట్టారు.

గెలిచాక కూడా ఒక పని మిగులుతుంది, దీన్ని చాలా ఆఫీసుల్లో మర్చిపోతారు. రోడ్డు పక్కన ఆపి తనిఖీ చేసి టికెట్ రాసినప్పుడు ఆ తనిఖీ రిపోర్టు ఫెడరల్ లెక్కల్లోకి విడిగా పోతుంది. కోర్టు కొట్టేసినా అక్కడ దానంతటది చెరగదు. డేటాక్యూస్ అనే వెబ్‌సైటులో కోర్టు తీర్పు జతచేసి, సరిచెయ్యమని అడగాలి. కోర్టు తీర్పుల్ని బట్టి అలా మార్చే ఏర్పాటు 2014 నుంచి ఉంది. కొత్త ఉద్యోగానికి పోతే 3 ఏళ్ళ తనిఖీలు ఆ యజమాని చూస్తాడు.

ఇవన్నీ ఫోన్లో చెప్తే మా నాన్న నవ్వారు. "మా రోజుల్లో బ్రేకు ఇన్‌స్పెక్టరుకి రాతపూర్వకంగా జవాబా! చేతిలో ఏం పెట్టామన్నదే జవాబు." ఇప్పుడు ఇండియాలోనూ కాలం మారింది. చలానా ఫోటోతో సహా యజమాని ఫోనుకే వస్తోంది. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో చేర్చిన 167ఏ ప్రకారం, కెమెరా పట్టిన తప్పుకి నోటీసు 15 రోజుల్లోపు పంపాలి. చలానా తేలేదాకా ఆ ఎలక్ట్రానిక్ రికార్డుని దాచాలి. ఈ-చలాన్ పోర్టల్లో అభ్యంతరం రాసే చోటు కూడా ఉంది. బండి నంబరులో ఒక అంకె తారుమారై ఎవరిదో చలానా మనకి తగిలినా, అమ్మేసిన లారీ మీద చలానాలు వస్తున్నా అక్కడ రాయొచ్చు. ఎంతమంది రాస్తున్నారు? తెలంగాణలో 2022లోనూ, 2023 చివర్లోనూ పెండింగ్ చలానాలకి భారీ తగ్గింపులిస్తే జనం ఎగబడి కట్టారు. వాటిలో ఎన్ని తమవి కావో చూసుకున్నవాళ్ళు తక్కువే అయివుంటారు. డ్రైవరు జీతంలోంచి యజమాని ఆ డబ్బు కోసేసుకునే చోట, ఫోటోలో ఉన్నది తన బండేనా అని చూసుకునే హక్కు డ్రైవరుకి కూడా ఉండాలని నా అభిప్రాయం.

మీ ఇంట్లోవాళ్ళో, ఊరివాళ్ళో కాలిఫోర్నియాలో లారీ నడుపుతుంటే ఈ నాలుగు ముక్కలూ పంపండి. టికెట్ పడగానే కెమెరా కార్డు తీసి దాచమనండి. సెక్షన్ నంబరు పట్టుకుని దాన్ని చివరిదాకా చదవమనండి, మినహాయింపులు అడుగునే ఉంటాయి. నిజంగా తప్పు చేసి, సాక్ష్యం కూడా గట్టిగా ఉంటే లాయరుతో ఒకసారి మాట్లాడమనండి. టీఆర్-205 ఫారం కాలిఫోర్నియా కోర్టుల వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని పంపడానికి ఆఖరి రోజు టికెట్ మీద రాసి ఉన్న తేదీయే. అది దాటితే 100 డాలర్ల దాకా అదనపు వడ్డన పడొచ్చు.